స్పెయిన్ నవలల్లో జ్ఞాపకం, నిన్నటి చరిత్ర: పరిశోధనకు ఏ నవల ఎంచుకోవాలి?

ఆధునిక స్పానిష్ నవల మీద పనిచేద్దామనుకునే విద్యార్థుల్లో చాలామంది తిరిగి తిరిగి "జ్ఞాపకం, గతం" అనే అంశం దగ్గరికే వస్తారు. రావడంలో తప్పేమీ లేదు, స్పెయిన్‌లో గత పాతికేళ్ళలో వచ్చిన బలమైన నవలల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. సినాప్సిస్ ఇవ్వమని గైడ్ అడుగుతారు. చేతిలో బోలెడు పేర్లుంటాయి. అన్నీ అంతర్యుద్ధం గురించినవే, అన్నీ గొప్పవని ఎవరో ఒకరు చెప్పినవే. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో తెలియక టెన్షన్ మొదలవుతుంది. చివరికి అందరూ తీసుకునే నవలనే తీసుకుంటారు.

అలా తీసుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నవల ఏ సంఘటన గురించి రాశారో చూసి ఎంచుకోకండి. ఆ సంఘటన సంగతి నవలకు ఎలా తెలిసిందో చూసి ఎంచుకోండి. పాత కాగితాలు తవ్వి తెలుసుకుందా? బతికున్నవాళ్ళను అడిగిందా? ఇంట్లో పెద్దలు దాచింది బయటపడిందా? లేక ఇక తెలుసుకోవడం కుదరదని ఒప్పుకుందా? జ్ఞాపకం మీద పరిశోధనలో అసలు పని ఈ ప్రశ్నల దగ్గరే ఉంటుంది.

## ముందు తేదీలు పక్కన పెట్టుకోండి

నవలల జాబితా కంటే ముందు ఒక కాగితం మీద ఈ తేదీలు రాసుకోండి. ఏ నవల ఏ రెండు తేదీల మధ్య వచ్చిందో తెలియకపోతే దాని స్వరం అర్థం కాదు.

1936 జులైలో రిపబ్లిక్ ప్రభుత్వం మీద సైనిక తిరుగుబాటుతో మొదలైన అంతర్యుద్ధం 1939 ఏప్రిల్ 1న తిరుగుబాటు పక్షపు జనరల్ ఫ్రాంకో గెలుపుతో ముగిసింది. 1975 నవంబర్ 20న చనిపోయేదాకా ఫ్రాంకోదే రాజ్యం. 1977 అక్టోబర్‌లో వచ్చిన క్షమాభిక్ష చట్టం ఫ్రాంకో వ్యతిరేకులకు స్వేచ్ఛ ఇచ్చింది. అదే చట్టం నియంతృత్వం తరఫున నేరాలు చేసిన అధికారులనూ విచారణ నుంచి కాపాడింది. పాత గాయాలు కెలకవద్దు, ముందుకు పోదాం అనే ఆ అవగాహనకు "మరపు ఒప్పందం" అని పేరు వచ్చింది.

ఆ తర్వాతి పెద్ద మలుపు 2000 అక్టోబర్. లియోన్ ప్రావిన్సులోని ప్రియరాన్సా దెల్ బియెర్సో అనే ఊరి దగ్గర, ఎమిలియో సిల్వా అనే జర్నలిస్టు తన తాత ఎముకల కోసం రోడ్డు పక్క గోతిని తవ్వించాడు. 1936లో కాల్చి పడేసిన 13 మంది అందులో దొరికారు. చారిత్రక స్మృతిని తిరిగి సాధించే సంఘం ఆ తవ్వకం నుంచే పుట్టింది. 2007లో చారిత్రక స్మృతి చట్టం వచ్చింది. 2008లో న్యాయమూర్తి బల్తసార్ గర్సోన్ తన ఉత్తర్వులో, యుద్ధంలోనూ ఫ్రాంకో కాలంలోనూ అదృశ్యమైనవాళ్ళు 1,14,226 మంది అని లెక్క చెప్పి విచారణ మొదలుపెట్టారు. ఆ విచారణ ఆగిపోయింది, పైగా ఆయన మీదే కేసు నడిచింది. 2012లో ఆ కేసులో నిర్దోషిగా బయటపడ్డారు. 2019 అక్టోబర్ 24న ఫ్రాంకో అవశేషాలను ఆయన్ను పాతిపెట్టిన "నేలకొరిగినవారి లోయ" అనే స్మారకం నుంచి తరలించారు. 2022లో ప్రజాస్వామిక స్మృతి చట్టం వచ్చింది.

బాస్క్ ప్రాంతానిది ఇంకో కాలరేఖ. బాస్క్ స్వాతంత్ర్యం కోసమంటూ 800 మందికి పైగా ప్రాణాలు తీసిన ఎటా అనే సాయుధ సంస్థ 2011 అక్టోబర్ 20న ఆయుధ చర్యలు ఆపేస్తున్నామని ప్రకటించింది. 2018లో రద్దయింది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, గుర్తు చేసుకుంటున్నది ఎవరు అన్నది. ఇక్కడ మనం మాట్లాడుకోబోయే రచయితల్లో ఒక్కరు కూడా యుద్ధం చూసినవాళ్ళు కారు. అల్బెర్తో మెందెస్ 1941లో పుట్టారు. అల్ముదేన గ్రాందెస్ 1960లో, హవియర్ సెర్కాస్ 1962లో పుట్టారు. ఇసాక్ రోసా పుట్టింది 1974లో, ఫ్రాంకో చనిపోవడానికి ఏడాది ముందు. తాము చూడనిదాన్ని తమ జ్ఞాపకంలా మోసే స్థితికి సాహిత్య పరిశోధకురాలు మేరియన్ హిర్ష్ పెట్టిన "పోస్ట్‌మెమరీ" అనే పేరు థీసిస్‌లలో విపరీతంగా వాడుతున్నారు. ఆమె ఆ ఆలోచనను ముఖ్యంగా నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడినవాళ్ళ పిల్లల గురించి చేసింది. స్పెయిన్‌లో ఓడిన పక్షం ఇళ్ళలో దాదాపు నలభై ఏళ్ళు భయంతో నోరు మూసుకున్నారు. పిల్లలకు చేరింది కథలు కాదు, ఖాళీలు. ఈ తేడా పట్టించుకోకుండా సిద్ధాంతాన్ని తెచ్చి అతికిస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

తర్వాత చూడాల్సింది గతం నవలలోకి వచ్చే దారి. పత్రాలు, ఇంటర్వ్యూలు, సాక్ష్యాలు, వారసత్వపు ఆస్తి, పుకారు, నిశ్శబ్దం: ఒక్కో దారికి ఒక్కో పద్ధతి కావాలి. ఏ గతం అన్నది కూడా చూసుకోవాలి. యుద్ధమా, యుద్ధానంతర అణచివేతా, 1975 తర్వాత నియంతృత్వం నుంచి ప్రజాస్వామ్యానికి మారిన పరివర్తన కాలమా, ఎటా హింసా? పరివర్తన కాలం మీద పనిచేయాలనుకుని యుద్ధం నవల పట్టుకుంటే ఏడాది వృథా అవుతుంది.

భాష విషయంలో మనకు మనమే నిజం చెప్పుకోవాలి. స్పానిష్‌లో నవల మొత్తం చదవగలరా, లేక ఇంగ్లీషు అనువాదమే ఆధారమా? ఇంకో సంగతి: స్పెయిన్ సాహిత్యమంతా స్పానిష్‌లో లేదు. మనువెల్ రివాస్ "వడ్రంగి పెన్సిల్" నవలను గలీసియన్‌లో రాశారు. బెర్నార్దో అచాగా బాస్క్‌లో రాస్తారు, జావుమె కబ్రె కతలాన్‌లో. "స్పానిష్ నవల" అని శీర్షిక పెట్టి వాళ్ళను అందులో కలిపితే, ఎందుకు కలిపారో పరిచయంలోనే వివరించాలి. ఫ్రాంకో కాలంలో ఆ భాషలను అణచివేశారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

చివరగా, ఆ నవల మీద ఇప్పటికే ఎంత రాశారో చూడండి. ఎక్కువ రాసి ఉంటే ఆధారాలు దొరుకుతాయి, కానీ కొత్తగా చెప్పే చోటు తగ్గుతుంది.

## హవియర్ సెర్కాస్: "సలామిస్ సైనికులు"

2001లో వచ్చిన ఈ నవలతోనే అందరూ మొదలుపెడతారు. 1939 జనవరి చివర్లో, రిపబ్లిక్ సైన్యం ఫ్రాన్స్ సరిహద్దు వైపు వెనక్కి పోతోంది. కొయెల్ క్షేత్రం దగ్గర ఖైదీలను మూకుమ్మడిగా కాల్చేశారు. ఫాసిస్టు పార్టీ ఫలాంజె వ్యవస్థాపకుల్లో ఒకరైన రచయిత రఫాయెల్ సాంచెస్ మాసాస్ అందులోంచి అడవిలోకి పారిపోయాడు. వెతుకుతూ వచ్చిన ఒక సైనికుడు అతణ్ణి చూశాడు, కళ్ళలోకి చూశాడు, ఇక్కడెవరూ లేరని అరిచి వెళ్ళిపోయాడు. ఆ సైనికుడు ఎవరు? సెర్కాస్ అనే పేరే ఉన్న జర్నలిస్టు కథకుడు ఈ ప్రశ్న పట్టుకుని బయల్దేరతాడు.

పరిశోధకుడికి ఇందులో దొరికేది వెతుకులాట పద్ధతి. కథకుడు మనుషుల్ని కలుస్తాడు, పాత నోటుబుక్కు చూస్తాడు, ఫోన్లు చేస్తాడు. తను రాస్తున్నది కల్పన కాదు "నిజ కథనం" అంటాడు. మూడో భాగంలో చిలీ రచయిత రొబెర్తో బొలాన్యో పాత్రగా వచ్చి మిరాయెస్ అనే ముసలి సైనికుడి గురించి చెప్తాడు. అక్కడ ఆధారం ఎక్కడ ఆగిందో, కోరిక ఎక్కడ మొదలైందో గమనించడమే ఈ నవల మీద చేయదగ్గ మంచి పని.

దీని ఇబ్బంది కూడా చెప్పాలి. నవల నడిమి భాగమంతా ఫాసిస్టు రచయిత జీవితమే. అతణ్ణి వదిలేసిన సైనికుడి పేరు కోసం చివరిదాకా వెతకాలి. నవల ఇద్దరినీ ఒక్క తక్కెడలో పెట్టి రాజీ కుదిర్చిందని విమర్శించినవాళ్ళున్నారు. చివరి పేజీలు చదివితే నాకు అలా అనిపించదు. అయినా ఆ విమర్శకు జవాబు ఇవ్వకుండా థీసిస్ రాయలేరు. పైగా దీని మీద ఇప్పటికే కుప్పలుగా వ్యాసాలున్నాయి. ఆన్ మెక్‌లీన్ ఇంగ్లీషు అనువాదం బాగుంటుంది, పుస్తకం చిన్నది, మొదటి పఠనానికి దీనికి సాటి లేదు. కానీ ఒంటరిగా దీన్నే పరిశోధనాంశం చేసుకోవడం మంచి ఎంపిక అనను.

సెర్కాస్‌ను వదలలేనివాళ్ళకు వేరే దారులున్నాయి. 1981 ఫిబ్రవరి 23న పార్లమెంటులో జరిగిన తిరుగుబాటు ప్రయత్నం మీద 2009లో ఆయన పూర్తిగా కల్పన లేని పుస్తకం రాశారు. నాజీ శిబిరంలో ఉన్నానని ఏళ్ళ తరబడి అబద్ధం చెప్పిన ఎన్రిక్ మార్కో మీద 2014లో ఇంకొకటి రాశారు. ఈ రెండోది నాకు ముఖ్యమనిపిస్తుంది. సాక్షి మాటను ప్రశ్నించకూడదు అనుకునే కాలంలో ఒక సాక్షి అబద్ధమాడితే స్మృతి ఉద్యమం ఏం చేయాలి? ఈ ప్రశ్న మీద ఇంకా పని జరగాలి.

## అల్బెర్తో మెందెస్: "గుడ్డి పొద్దుతిరుగుడు పూలు"

పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిసర్టేషన్ రాసేవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. 2004లో వచ్చింది. మెందెస్ రాసిన ఒకే ఒక్క కథా పుస్తకం, వచ్చిన ఏడాదే ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది జాతీయ కథాసాహిత్య పురస్కారం వచ్చింది.

పుస్తకంలో నాలుగు "ఓటములు" ఉన్నాయి: 1939, 1940, 1941, 1942. మొదటిదాంట్లో ఫ్రాంకో సైన్యంలోని కెప్టెన్, తమ పక్షం మాద్రిద్‌ను గెలవబోతున్న గంటల్లో, ఓడిపోతున్నవాళ్ళకు లొంగిపోతాడు. రెండోది కొండ మీద పసిబిడ్డతో చిక్కుకున్న ఒక కుర్ర కవి నోటుబుక్కు. మూడోదాంట్లో ఖైదీ హువాన్ సెన్రా, తనను విచారించే కల్నల్ భార్యకు చనిపోయిన కొడుకు గురించి అబద్ధాలు చెప్తూ రోజులు పొడిగించుకుంటాడు. నాలుగోదాంట్లో తండ్రి బీరువా వెనక దాక్కుని ఉంటే, బడికెళ్ళే కొడుకు తండ్రి చనిపోయాడని ఊరంతా చెప్పాలి.

నాలుగోది కల్పనే అయినా దాని వెనక నిజముంది. మీహాస్ అనే ఊరి మేయర్ మనువెల్ కోర్తెస్ యుద్ధం ముగిశాక ఇంట్లోనే దాక్కుని, యుద్ధకాలపు నేరాలకు కాలం చెల్లిందని ప్రభుత్వం ప్రకటించాకే 1969లో బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు! ఇలా దాక్కున్నవాళ్ళను స్పెయిన్‌లో "తోపోస్" అన్నారు. నేల కింద బొరియల్లో బతికే మోల్ అనే ప్రాణి పేరు అది.

ఈ పుస్తకం ఎందుకంటే, ఒక్క పుస్తకంలోనే గతాన్ని చెప్పే నాలుగు దారులు పక్కపక్కన ఉన్నాయి. మొదటి కథకుడు చరిత్రకారుడిలా పత్రాలు పోగేస్తాడు. రెండోది దొరికిన రాతప్రతి, దాన్ని చదువుతున్న సంపాదకుడి మాటలతో కలిపి. నాలుగోది మూడు గొంతులు: తప్పు చేసిన మతాధికారి ఒప్పుకోలు ఉత్తరం, పెద్దవాడైన కొడుకు జ్ఞాపకం, మామూలు కథనం. వాటి మధ్య పొంతన కుదరని చోట్ల మీ విశ్లేషణ నిలబడుతుంది. 150 పేజీల పైచిలుకు పుస్తకం, నాలుగు నెలల్లో రెండుమూడు సార్లు స్పానిష్‌లోనే చదవొచ్చు. నిక్ కైస్టర్ ఇంగ్లీషు అనువాదం ఉంది. ఇబ్బంది ఒక్కటే: అన్నీ ఓడినవాళ్ళ కథలు, దుఃఖం చాలా చిక్కగా ఉంటుంది, విశ్లేషణ పక్కకు జరిగి కేవలం సానుభూతి రాసేస్తాం. పుస్తకం మొదట్లో పెట్టిన కార్లోస్ పియెరా వాక్యాలు శోకించడం గురించి, పేజీ తిప్పేయకపోవడం గురించి. అక్కడి నుంచి మొదలుపెడితే దారి తప్పరు.

## దుల్సె చకోన్: "నిద్రపోయిన గొంతు"

స్త్రీల జ్ఞాపకం మీద, మౌఖిక చరిత్ర మీద పనిచేసేవాళ్ళకు ఇది. 2002లో వచ్చింది. మాద్రిద్‌లోని వెంతాస్ మహిళా జైలు, మరణశిక్ష పడిన గర్భిణి ఒర్తెన్సియా, బయట ఆమె చెల్లెలు పెపీతా. చకోన్ బతికున్న మహిళలను కలిసి, వాళ్ళు చెప్పినవి విని రాశారు. ఆమె పుట్టింది గెలిచిన పక్షపు కుటుంబంలో, ఈ సంగతి మర్చిపోకండి. వినడానికి వెళ్ళింది అవతలి పక్షపు బిడ్డ.

సాక్ష్యం నవల అయ్యేటప్పుడు ఎవరి మాట ఎవరిదవుతుంది అన్నది ఇక్కడ ముఖ్య ప్రశ్న. శైలి పరంగా మెందెస్ అంత లోతు ఉండదు, కొన్నిచోట్ల పాత్రలు మరీ మంచివాళ్ళు. అయినా 1939 ఆగస్టు 5న కాల్చి చంపిన "పదమూడు గులాబీలు" అనే యువతుల ఉదంతం, జైలు రికార్డులు, ఇంటర్వ్యూలు పక్కన పెట్టుకుని చదివితే పని చాలా ఉంటుంది.

## అల్ముదేన గ్రాందెస్: "గడ్డకట్టిన గుండె", ఆ తర్వాతి వరుస

పీహెచ్‌డీకి సమయం, ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. 2007లో, చారిత్రక స్మృతి చట్టం వచ్చిన సంవత్సరమే వచ్చింది. 900 పేజీలు దాటుతుంది. తండ్రి అంత్యక్రియల దగ్గర భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అల్వారోకు ఒక తెలియని అమ్మాయి కనిపిస్తుంది. ఆమె ఫ్రాన్స్‌కు ప్రవాసం పోయిన రిపబ్లికన్ కుటుంబపు మనవరాలు. కథ నడిచే కొద్దీ తెలుస్తుంది, అల్వారో తండ్రి సంపదకు పునాది ఎవరి ఆస్తో.

అంటే ఇక్కడ జ్ఞాపకం మనసులో లేదు, ఆస్తి పత్రాల్లో ఉంది. ఇల్లు, పొలం, కంపెనీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా మారాయో అడగడమంటే గతాన్ని అడగడమే. ఇంత సూటిగా డబ్బు గురించి మాట్లాడిన స్మృతి నవల ఇంకొకటి నేను చదవలేదు. తర్వాత ఆమె "అంతులేని యుద్ధపు ఘట్టాలు" అనే వరుస మొదలుపెట్టి, 2010 నుంచి 2020 దాకా ఐదు నవలలు తెచ్చారు. 19వ శతాబ్దంలో గల్దోస్ రాసిన చారిత్రక నవలల వరుసను గుర్తుచేసేలా ఆ పేరు పెట్టారు. 2021 నవంబర్‌లో ఆమె కన్నుమూశారు.

గ్రాందెస్ పక్షం వహిస్తారు, దాచుకోరు. తటస్థంగా ఉండాలనుకునే గైడ్‌తో ఇది గొడవకు దారితీయొచ్చు. మొత్తం వరుస తీసుకుంటే మీ సమయం చదవడానికే సరిపోతుంది, కాబట్టి ఒకటి రెండు నవలలకు పరిమితం కావాలి. "గడ్డకట్టిన గుండె" ఫ్రాంక్ విన్ అనువాదంలో ఇంగ్లీషులో దొరుకుతుంది.

## ఆంతోనియో మున్యోస్ మొలీనా: "బెయాతుస్ ఇల్లె"

దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు, అది నాకు బాధగా ఉంటుంది. 1986లో వచ్చిన తొలి నవల ఇది. అంటే స్మృతి ఉద్యమానికి చాలా ముందు, అందరూ ముందుకు పోదాం అంటున్న రోజుల్లో. 1969లో మినాయా అనే విద్యార్థి, మరుగునపడిన హసింతో సొలానా అనే రిపబ్లికన్ కవి మీద థీసిస్ రాస్తానని మాహినా అనే ఊరికి వస్తాడు. ఆ ఊరు రచయిత సొంతూరు ఉబెదాకు కల్పిత రూపం. అంటే కథానాయకుడు మీలాంటి పరిశోధకుడే. అతనికి కావలసిన కాగితాలు కావలసిన చోటే దొరుకుతుంటాయి. ఎందుకు దొరుకుతున్నాయో చివర్లో తెలుస్తుంది, అది ఇక్కడ చెప్పను.

పరిశోధకుడి కోరిక గతాన్ని ఎలా మలుస్తుందో ఇంత స్పష్టంగా చూపిన నవల అరుదు. సెర్కాస్‌తో పక్కపక్కన పెడితే, పదిహేనేళ్ళ తేడాతో రెండు వెతుకులాటలు కనిపిస్తాయి. వాక్యాలు పొడవు, కాలం ముందుకూ వెనక్కూ పోతుంది. స్పానిష్ బాగా రానివాళ్ళు ఎడిత్ గ్రాస్‌మన్ అనువాదం దగ్గర పెట్టుకోండి.

## హవియర్ మరియాస్: "చెడు ఇలా మొదలవుతుంది"

పరివర్తన కాలం మీద పనిచేయాలంటే ఇది. 2014 నవల, కథాకాలం 1980, విడాకులు ఇంకా చట్టబద్ధం కాని మాద్రిద్. కుర్ర కథకుణ్ణి సినిమా దర్శకుడు పిలిచి, తన మిత్రుడైన డాక్టర్ గతంలో ఏదో నీచమైన పని చేశాడట, కనుక్కో అంటాడు. కనుక్కున్నాక ఏం చేయాలి అన్నదే నవల. క్షమాభిక్ష చట్టం ఇక్కడ కోర్టులో లేదు, డ్రాయింగ్ రూములో ఉంది. తెలుసుకోకపోవడమే మేలు అనే వాదనను మరియాస్ బలంగా వినిపిస్తారు. ఆ వాదనతో మీరు ఏకీభవించకపోతే ఇంకా మంచిది, వాదించడానికి దీటైన ప్రత్యర్థి దొరికినట్టే. యుద్ధం తర్వాత ఆయన తండ్రి, తత్వవేత్త హులియాన్ మరియాస్ మీద మిత్రుడే ఫిర్యాదు చేసి జైలుపాలు చేశాడు. ఆ గాయం మరియాస్ రచనల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

## ఇసాక్ రోసా: "వ్యర్థమైన నిన్న"

స్పానిష్ ధారాళంగా చదవగలిగి, సిద్ధాంతం మీద ఇష్టం ఉంటే మరో ఆలోచన లేకుండా దీన్నే తీసుకోండి. 2004 నవల, 2005లో రొములో గయెగోస్ పురస్కారం పొందింది. 1960ల విద్యార్థి ఉద్యమం, మాయమైన ఒక విద్యార్థి, దేశం నుంచి పంపేసిన ఒక ప్రొఫెసర్. కానీ కథకుడు ప్రతి మలుపులోనూ ఆగి, దీన్ని ఎలా చెప్పాలి, ఇలా చెప్తే పాఠకుడు హాయిగా కన్నీళ్ళు పెట్టుకుని మర్చిపోతాడా అని అడుగుతాడు. చిత్రహింసను దాటవేయడానికి ఒప్పుకోడు. 2007లో రోసా ఇంకో సాహసం చేశారు. తన తొలి నవలనే మళ్ళీ ప్రచురించి, ప్రతి అధ్యాయం చివర ఒక పాఠకుడు దాన్ని చీల్చి చెండాడుతున్నట్టు వ్యాఖ్యలు చేర్చారు.

మిగతా నవలలన్నిటినీ ప్రశ్నించే నవల ఇది. అందుకే దీన్ని ఒక్కదాన్నే చదివితే సగమే అందుతుంది. సెర్కాస్, చకోన్ తర్వాత చదవాలి.

## ఇంకా దగ్గరి గతం: అరంబూరు, చిర్బెస్

అంతర్యుద్ధం వద్దు అనుకునేవాళ్ళకు ఫెర్నాందో అరంబూరు "పాత్రియా" ఉంది. 2016లో వచ్చింది. ఒకే బాస్క్ ఊళ్ళో రెండు కుటుంబాలు: ఒక ఇంటి తండ్రిని ఎటా చంపింది, ఇంకో ఇంటి కొడుకు ఎటాలో చేరాడు. ఒకప్పుడు ప్రాణస్నేహితులైన ఇద్దరు ఆడవాళ్ళు, బిత్తోరి, మిరెన్. 125 చిన్న అధ్యాయాలు, చదవడం తేలిక, ఇంగ్లీషు అనువాదం, టీవీ సీరియల్ రెండూ ఉన్నాయి. ఇక్కడి సాక్షులు ఇంకా బతికే ఉన్నారు, ఒకే వీధిలో తిరుగుతున్నారు. అందుకే దీని మీద వివాదం కూడా వేడిగా ఉంటుంది. బాస్క్ భాషలో రాసేవాళ్ళ గొంతు వినకుండా దీన్ని మాత్రమే తీసుకుంటే పని ఒంటికాలి మీద నిలబడుతుంది. అచాగాను పక్కన పెట్టుకోండి.

రఫాయెల్ చిర్బెస్ "ఒడ్డున", 2013. 2008 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసిన వడ్రంగి దుకాణం యజమాని ఎస్తెబాన్, మధ్యధరా తీరపు చిత్తడి నేల. యుద్ధం తర్వాత మనుషులు దాక్కున్న ఆ నీళ్ళలోకే ఇప్పుడు కట్టడాల చెత్తను పారబోస్తారు. యుద్ధపు ఓటమినీ సంక్షోభపు ఓటమినీ ఒకే బురదలో చూపించాడాయన. గతం, వర్తమాన ఆర్థిక వ్యవస్థ రెండూ కావాలంటే ఇంతకంటే మంచిది లేదు. చదవడం మాత్రం కష్టం.

## ఒక్క చూపులో

| నవల | సంవత్సరం | గతం వచ్చే దారి | ఏ గతం | నిడివి | ఎవరికి |
|---|---|---|---|---|---|
| సలామిస్ సైనికులు | 2001 | వెతుకులాట, ఇంటర్వ్యూ | యుద్ధం ముగింపు | చిన్నది | మొదటి పఠనం, జంట పోలిక |
| గుడ్డి పొద్దుతిరుగుడు పూలు | 2004 | పత్రం, రాతప్రతి, ఒప్పుకోలు | 1939–42 | చాలా చిన్నది | డిసర్టేషన్ |
| నిద్రపోయిన గొంతు | 2002 | మౌఖిక సాక్ష్యం | మహిళా జైలు | మధ్యస్థం | స్త్రీవాద, మౌఖిక చరిత్ర |
| గడ్డకట్టిన గుండె | 2007 | వారసత్వం, ఆస్తి | యుద్ధం నుంచి ఇప్పటిదాకా | చాలా పెద్దది | పీహెచ్‌డీ |
| బెయాతుస్ ఇల్లె | 1986 | థీసిస్, రాతప్రతులు | యుద్ధం, 1947, 1969 | మధ్యస్థం | కథన పద్ధతి మీద ఆసక్తి |
| చెడు ఇలా మొదలవుతుంది | 2014 | పుకారు | పరివర్తన కాలం | పెద్దది | నైతిక, రాజకీయ ప్రశ్నలు |
| వ్యర్థమైన నిన్న | 2004 | చెప్పడం మీదే సందేహం | 1960ల నియంతృత్వం | మధ్యస్థం | స్పానిష్ బాగా వచ్చినవాళ్ళు |
| పాత్రియా | 2016 | ఊరి నిశ్శబ్దం | ఎటా హింస | పెద్దది | సమకాలీన సమాజం |
| ఒడ్డున | 2013 | స్వగతం, నేల | యుద్ధం, 2008 సంక్షోభం | పెద్దది | అనుభవమున్న పాఠకుడు |

## మీ పరిస్థితిని బట్టి

ఇంగ్లీషు అనువాదమే ఆధారమైతే మెందెస్ తీసుకుని, పక్కన సెర్కాస్ పెట్టుకోండి. అనువాదం మీద ఆధారపడినప్పుడు వాక్య నిర్మాణం, శైలి గురించి పెద్ద వాదనలు చేయకండి. కథను ఎవరు చెప్తున్నారు, ఏ క్రమంలో చెప్తున్నారు అన్నవాటి మీద నిలబడండి, అవి అనువాదంలో చెడవు. ఉటంకించిన ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూసుకోవడానికి స్పానిష్ ప్రతి ఒకటి ఉండాల్సిందే.

హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లాంటి చోట స్పానిష్ చదువుతున్నవాళ్ళు అనువాదం ఉన్న నవలల దగ్గరే ఆగిపోకండి. మీకున్న బలమే భాష. రోసాను తీసుకోండి. పాత పత్రికలు కావాలంటే స్పెయిన్ జాతీయ గ్రంథాలయం వాటిని డిజిటల్‌గా ఉచితంగా ఇస్తుంది. యుద్ధకాలపు పత్రాల సంగతికి సలమాంకాలోని చారిత్రక స్మృతి పత్ర కేంద్రం ముఖ్యమైనది.

రెండు నవలలు జతచేయాలనుకునేవాళ్ళకు ఇంకో దారి చెప్తాను, ఇది నాకు ఎంతో ఇష్టమైనది. కవి ఆంతోనియో మచాదో. రిపబ్లిక్ ఓడిపోతుండగా సరిహద్దు దాటి, 1939 ఫిబ్రవరి 22న ఫ్రాన్స్‌లోని కొయియూర్‌లో చనిపోయారు. గ్రాందెస్ నవల పేరు ఆయన పంక్తి నుంచి వచ్చింది. రోసా నవల పేరు కూడా అంతే. సెర్కాస్ నవలకు మొదలు మచాదో మరణాన్నీ, సాంచెస్ మాసాస్ బతికి బయటపడటాన్నీ పక్కపక్కన పెట్టిన ఒక పత్రికా వ్యాసం. మూడు నవలలు, మూడు రాజకీయాలు, కవి ఒక్కడే. మచాదోను ఒకరు శోకానికి, ఒకరు పోరుకి, ఒకరు ప్రశ్నకి వాడుకున్నారు. ఎలా వాడుకున్నారో చూస్తే పరిశోధన పరిధి దానంతటదే కుదురుతుంది. మూడూ పూర్తిగా చదవాల్సిన పని లేకుండా, గ్రాందెస్ నుంచి ఎంపిక చేసిన భాగాలతో నడిపించవచ్చు.

తెలుగుతో పోల్చాలనుకునే తులనాత్మక సాహిత్య విద్యార్థులు వెంటనే తెలంగాణ సాయుధ పోరాటపు నవలల దగ్గరికి వెళ్తారు. సహజమే. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: దాశరథి రంగాచార్య ఆ పోరాటంలో స్వయంగా పాల్గొన్నవారు. "మోదుగుపూలు" చూసినవాడి నవల. సెర్కాస్‌ది, గ్రాందెస్‌ది చూడనివాళ్ళ నవల. ఈ రెంటినీ సంఘటనల స్థాయిలో పోలిస్తే పోలిక కూలిపోతుంది. అదే పోరాటం గురించి మనవల తరం తెలుగులో ఏం రాసింది, ఎక్కడ మౌనంగా ఉంది అని వెతికి, దాన్ని స్పెయిన్ మనవల తరంతో పోల్చండి. అప్పుడు రెండు వైపులా దూరం ఒకటే అవుతుంది. 1948 పోలీసు చర్య కాలపు హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులో లేదు. ప్రభుత్వం దాచినదాన్ని నవల ఎలా పట్టుకుంటుంది అన్న ప్రశ్నకు ఇక్కడా అక్కడా గట్టి ఆధారాలున్నాయి.

సినాప్సిస్ ఇచ్చే ముందు ఎంచుకున్న నవల మొదటి యాభై పేజీలు తీసి, గతం గురించిన ప్రతి సమాచారం పక్కన అది కథకుడికి ఎవరి ద్వారా తెలిసిందో పెన్సిల్‌తో రాయండి. విన్నాడా, చదివాడా, ఊహించాడా, ఎవరూ చెప్పలేదా. మార్జిన్‌లో ఒకే జవాబు వరసగా వస్తుంటే ఆ నవలను జంటలో రెండోదిగా ఉంచండి. జవాబులు మారుతూ, ఒకదానితో ఒకటి గొడవపడుతుంటే దాని మీదే సినాప్సిస్ రాయండి.